చెమట ఆరే ఇల్లు

మే నెల మధ్యాహ్నం టీవీ తెర మీద ఊళ్ల వారీగా ఎండల పట్టిక వస్తుంది. రామగుండం 44, రెంటచింతల 44, విశాఖపట్నం 34. అది చూసి విశాఖ వాళ్లు అదృష్టవంతులని రామగుండంలో అనుకుంటారు. విశాఖలో మనిషి మాత్రం అప్పటికే రెండోసారి స్నానం చేసి, తుడుచుకున్న తువ్వాలు దండెం మీద వేసేలోపే మళ్లీ తడిసిపోయి ఉంటాడు. పట్టికలో కనబడిన పది డిగ్రీల లాభం అతనిదాకా చేరనే లేదు.

దీనికి కారణం ఒంట్లోనే ఉంది. కుర్చీలో ఊరికే కూర్చున్న మనిషి కూడా దాదాపు 100 వాట్ల వేడిని ఎప్పటికప్పుడు బయటికి వదులుతూ ఉండాలి. చుట్టూ ఉన్న గాలి చల్లగా ఉంటే కొంత వేడి గాలిలోకి పోతుంది. గోడలూ పైకప్పూ చల్లగా ఉంటే ఇంకొంత కిరణాల రూపంలో వాటి వైపు పోతుంది. చర్మం వేడి 34, 35 డిగ్రీలు. గాలీ గోడలూ కూడా అక్కడికే చేరుకుంటే ఆ రెండు దారులూ మూసుకుపోయి, ఇక చెమట ఒక్కటే దిక్కవుతుంది. గ్రాము చెమట ఆవిరైతే సుమారు 2,400 జౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ లెక్కన గంటకు 150 మిల్లీలీటర్లు, అంటే ఓ టీ గ్లాసుడు చెమట ఆరితే చాలు, 100 వాట్లూ వదిలిపోతాయి. అయితే ఆరాలి. కారి నేల మీద పడ్డ చెమటతో ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గడమే తప్ప చల్లదనం రాదు.

ఒంటి మీద చెమట ఆరడానికీ దండెం మీద బట్టలు ఆరడానికీ సూత్రం ఒకటే. ముసురు రోజు బట్టలు ఎందుకు ఆరవో చెమటా అందుకే ఆరదు. తడి దగ్గర ఉన్న బాష్ప పీడనం గాలిలో ఉన్నదానికంటే ఎంత ఎక్కువగా ఉంటే నీరు అంత వేగంగా ఆవిరవుతుంది. తడిసిన చర్మం మీద ఆ పీడనం 5.6 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది. 44 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిలో అది 1.8 మాత్రమే. 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న గాలిలో 4. అంటే రామగుండంలో చెమటను గాలిలోకి లాగే తేడా 3.8 అయితే విశాఖలో 1.6. పది డిగ్రీలు తక్కువైనా చెమట ఆరే అవకాశం సగం కూడా లేదు.

రామగుండంలో పనిచేసే ఎయిర్ కూలర్ విశాఖలో చతికిలబడేదీ ఇందుకే. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరచడమే కూలర్ పని. పొడి గాలి 44 నుంచి 30 కిందికి దిగిపోతుంది. సముద్ర తీరపు గాలి మహా అయితే మూడు డిగ్రీలు దిగుతుంది, ఆపైన తేమ 90 శాతం దాటి గది ఆవిరి పట్టినట్టవుతుంది. వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లినా అంతే. మెట్ట ప్రాంతపు తెలివి తీరంలో పనికిరాదు.

మందపు గోడల సంగతీ అలాంటిదే. రాయలసీమలో రాతి గోడలతో, పైన మట్టి పరిచి కట్టిన మిద్దెలు పగటి ఎండను లోపలికి రానివ్వకుండా మింగి, రాత్రి చల్లటి గాలికి కక్కేస్తాయి. ఆ పద్ధతి నడవాలంటే రాత్రి చల్లబడాలి. తీరంలో రాత్రి చల్లబడదు. సముద్రం పగలు తొందరగా వేడెక్కదు, రాత్రి తొందరగా చల్లారదు, గాలిలోని ఆవిరి నేల వేడిని ఆకాశంలోకి పోనివ్వదు. మే నెలలో విశాఖలో తెల్లవారుజామున కూడా 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. పగలంతా ఎండ తాగిన మందపాటి గోడకు ఆ వేడిని దింపుకునే చోటుండదు.

మరి ఉక్కపోత ఊళ్లో ఇల్లు ఏం చేయగలదు? రెండే పనులు చేయగలదు. ఎండను గోడ దాకా, కప్పు దాకా రానివ్వకుండా ఆపడం ఒకటి. వచ్చిన గాలిని మనిషి ఒంటికి తగిలేలా నడిపించడం రెండోది. ఈ రెండూ అయ్యాక కూడా మిగిలిన బాధకు యంత్రం. ఇప్పుడు మన నగరాల్లో కడుతున్నవాటిలో చాలా భాగం ఈ వరసను తిరగేసి, మొదటి రోజే గోడకు ఏసీ కన్నం పెట్టి మొదలవుతున్నాయి.

ఎండతో మొదలుపెడితే, దాని దాడి ఎక్కువగా పైనుంచే. విశాఖ అక్షాంశం 17.7 డిగ్రీలు. మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలంలో కాస్త ఉత్తరానికి జరుగుతాడు కూడా. కాబట్టి నడి వేసవిలో దక్షిణపు గోడకు ఎండ దాదాపు తగలదు. తూర్పు, పడమర గోడలకు చెరో పూట తగులుతుంది. కప్పుకు రోజంతా తగులుతుంది. వాస్తు భయంతో దక్షిణపు కిటికీలను చిన్నవి చేసుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గమనిస్తే బాగుండు. వేసవిలో ఎండ రానిదీ, నైరుతి గాలి వచ్చేదీ అటువైపే.

ఐదంగుళాల కాంక్రీటు స్లాబ్ ఎండకు పెద్ద అడ్డమేమీ కాదు. పైనా కిందా ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు సుమారు నాలుగు వాట్ల వేడి దిగుతుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇళ్ల కోసం 2018 డిసెంబర్‌లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ఆ సంఖ్య 1.2 దాటకూడదంటుంది. స్లాబ్ మీద అంగుళం మందం ఇన్సులేషన్ షీటు పరిచి పైన టైల్స్ వేసినా ఆ హద్దులోకి వచ్చేస్తుంది. వేయనప్పుడు ఏమవుతుందో పై అంతస్తు ఫ్లాట్లో ఉన్నవాళ్లని అడగాలి. మధ్యాహ్నం తాగిన ఎండ స్లాబ్ అడుగుకు చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. మనుషులు ఆఫీసు నుంచీ బడి నుంచీ ఇల్లు చేరే సాయంత్రం వేళకు కప్పు కిందివైపు వేడెక్కి, నెత్తి మీద కిరణాలు కురిపించడం మొదలుపెడుతుంది. గదిలో గాలి వేడి కింది అంతస్తులో ఉన్నంతే ఉన్నా అక్కడ కూర్చోలేకపోవడానికి కారణం ఆ కప్పే.

కప్పుకు తెల్ల రంగు వేయడం అన్నిటికంటే చవకైన మందు. హైదరాబాద్‌లో ట్రిపుల్ ఐటీ వాళ్లూ అమెరికాలోని లారెన్స్ బర్క్లీ ప్రయోగశాల వాళ్లూ కలిసి వాణిజ్య భవనాల మీద దీన్ని కొలిచి చూశారు. మామూలు కాంక్రీటు కప్పుకు తెల్ల పూత వేస్తే చల్లదనానికి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. అంతకుముందు నల్లగా ఉన్న కప్పు అయితే 14 నుంచి 26 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. తీరంలో మాత్రం దీనికో చిక్కుంది. వానాకాలం పోయేసరికి తెల్ల కప్పు మీద నల్లటి పాచి పడుతుంది, ఆ తర్వాత అది తెల్ల కప్పు కాదు. ఏటా వేసవికి ముందు రుద్ది కడగాలి. పాచి పట్టని నునుపైన తెల్ల టైల్ ముక్కలు పరిచిన కప్పులు ఈ లెక్కలో మెరుగు. కప్పు మీద కాళ్లెత్తి నిలబెట్టిన సౌర ఫలకాలు కరెంటుతో పాటు నీడనూ ఇస్తాయి కాబట్టి వాటి గురించి వేరే చెప్పక్కర్లేదు.

పడమటి ఎండ ఇంకో రకం. అది వాలి వస్తుంది. కిటికీ పైన రెండడుగుల సన్‌షేడ్ ఎంత బలంగా పోసినా నాలుగు గంటల సూర్యుడు దాని కింద నుంచి నేరుగా మంచం మీదికి వస్తాడు. అటువైపు వరండా కావాలి, లేదా బాల్కనీకి వెదురు తెరలు, నిలువు పలకలు, చెట్టు, ఏదో ఒకటి గాజుకు బయట ఉండాలి. లోపల వేసే కర్టెన్ వెలుతురును ఆపుతుంది గానీ, గాజు దాటి వచ్చేసిన వేడి అప్పటికే గదిది. అద్దాల గోడలతో పడమర చూస్తూ లేచే ఆఫీసు భవనాలు ఈ తీరంలో ఎవరి ఎండకు కడుతున్నారో అర్థం కాదు.

ఇక గాలి.

నేల ఎండకు వేడెక్కి గాలి పైకి లేవగానే ఆ ఖాళీలోకి సముద్రం మీది గాలి వస్తుంది. తీరపు ఊళ్లకు ఉన్న పెద్ద ఆస్తి ఇదే. చర్మాన్ని ఆనుకుని ఎప్పుడూ ఒక పలచటి, తడిసిన గాలి పొర ఉంటుంది. గాలి కదిలితే ఆ పొర చెదిరి, దాని చోట కొత్త గాలి వస్తుంది, చెమట ఆరుతుంది. సెకనుకు 0.8 మీటర్ల గాలి, అంటే బల్ల మీద కాగితాలు కదలడం మొదలయ్యేంత గాలి, ఒంటికి దాదాపు మూడు డిగ్రీలు చల్లబడినంత హాయినిస్తుంది. గదిలో థర్మామీటరు మాత్రం చుక్క కదలదు. సీలింగ్ ఫ్యాన్ చేసేదీ ఇదే. అది గదిని చల్లబరచదు, పైగా మోటారు వేడి గదిలోనే కలుస్తుంది. మనిషి లేని గదిలో తిరిగే ఫ్యాన్ ఓ చిన్న హీటరు. మామూలు ఫ్యాను 75 వాట్లు తింటుంది, కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో అంత గాలీ ఇస్తుంది. ఇంకో సంగతి, ఫ్యాను గాలి దాని కింద ఉన్న చోటే బలంగా ఉంటుంది. పన్నెండు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడుగు ఉన్న హాలుకు నడి మధ్యలో ఒక్క హుక్కు వదిలే మేస్త్రీ, సోఫా గోడ పక్కన వేస్తారని ఎప్పుడూ తలచుకోడు.

హాయి అంటే ఎన్ని డిగ్రీలు అన్నది శాస్త్రంలో పెద్ద తగువే. డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాంగర్ 1970లో అచ్చేసిన సూత్రం ప్రపంచమంతా ఏసీ ఆఫీసులకు ప్రమాణమైంది. దానికి ఆధారం డెన్మార్క్, అమెరికా విద్యార్థులను మూసిన గదుల్లో కూర్చోబెట్టి అడిగిన జవాబులు. ఉక్కపోతలో పుట్టి పెరిగి, నూలు చొక్కా వేసుకుని ఫ్యాను కింద కూర్చునే మనిషిని అప్పుడు ఎవరూ అడగలేదు. తర్వాత అడిగినవాళ్లలో తెలుగు పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి ముందువరసలో ఉంటారు. 2008 వేసవిలో ఆమె హైదరాబాద్‌లో 45 ఫ్లాట్లకు వెళ్లి, థర్మామీటర్లు పెట్టి, అక్కడుండేవాళ్లను మళ్లీ మళ్లీ ప్రశ్నలడిగి 3,962 జవాబులు పోగు చేశారు. చలీ వేడీ లేకుండా సమంగా ఉందని జనం అన్న వేడి సగటున 29.23 డిగ్రీలు. సరేననుకున్న హద్దులు 26 నుంచి 32.45 దాకా వెళ్లాయి. అప్పటి జాతీయ భవన నియమావళిలో వేసవికి రాసి ఉన్నది 23 నుంచి 26. తర్వాత జపాన్, అమెరికా పరిశోధకులతో కలిసి చెన్నై, హైదరాబాద్ ఆఫీసుల్లో 2,787 మందిని అడిగితే కిటికీలు తెరిచిన చోట 28, ఏసీ నడుస్తున్న చోట 26.4 డిగ్రీలు హాయిగా తేలాయి.

అహ్మదాబాద్ సెప్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఐదు నగరాల్లో ఆరు వేలకు పైగా జవాబులతో ఇలాంటి నమూనానే తయారుచేశారు. 2016 జాతీయ భవన నియమావళిలో దానికి చోటు దొరికింది. దాని లెక్క ప్రకారం బయట నెల రోజుల సగటు 31 డిగ్రీలు ఉన్నప్పుడు, కిటికీలు తెరుచుకునే భవనంలో హాయి 29.5 దగ్గర ఉంటుంది. ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకునేవాళ్ల మాటెలా ఉన్నా, 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24తో మొదలవ్వాలని బీఈఈ పెట్టిన నిబంధన ఈ దిశలోనిదే.

కిటికీ తెరవడం అన్న మాట తేలిగ్గా అనేస్తారు. ఇంద్రగంటి అధ్యయనంలోనే కిటికీలు ఎందుకు మూసి ఉంటున్నాయో కూడా తేలింది. దోమలు, ఎదురింటి చూపులు, దొంగల భయం, రోడ్డు రొద. వీటికి భౌతిక శాస్త్రంతో పని లేదు. తీరపు ఊళ్లో సాయంత్రం సముద్రపు గాలి హాయిగా వీచే సరిగ్గా ఆ గంటకే దోమలూ బయల్దేరతాయి, ఇల్లంతా తలుపులు బిగిస్తుంది. దోమతెర బిగిస్తే గాలి బాగా తగ్గుతుంది, కాబట్టి తెర బిగించే కిటికీ ఇంకా పెద్దది కావాలి. గాలి లోపలికి రావడానికే కాక బయటికి పోవడానికీ దారుండాలన్నది ఇంకో సంగతి. ఒక్క గోడకే కిటికీ ఉన్న గదిలో గాలి వాకిట్లోనే నిలబడిపోతుంది. నాలుగు ఫ్లాట్లు వీపులు ఆనించుకుని, మధ్యలో మూడడుగుల డక్టు వదిలి కట్టే అపార్టుమెంట్లలో చాలా పడకగదులు ఇలాంటివే. ఆ డక్టులోకి తెరుచుకునే కిటికీని ప్లాన్ కాగితం కిటికీగానే లెక్కవేస్తుంది. గాలి అలా అనుకోదు.

పాత ఇళ్లలో ఇవన్నీ ఉండేవని నిట్టూర్చడం ఇప్పుడో రివాజు. కొంత నిజమే. గోదావరి జిల్లాల మండువా లోగిలిలో నాలుగు పక్కలా పెంకుల వాలు లోపలికి దిగుతుంది, నడుమ ఆకాశం కనిపించే చోట వాననీళ్లు పడి తూము గుండా బయటికి పోతాయి. చుట్టూ వసారా ఉండటంతో గదుల గోడలకు ఎండ తగలదు. పెంకుల సందుల్లోంచి వేడి గాలి దానంతటదే తప్పుకుంటుంది. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిల్లు ఇంకో వింత. తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగి మట్టి గోడను పూర్తిగా నీడలో దాస్తుంది, గుండ్రటి ఒళ్లు తుఫాను గాలికి మూల దొరకనివ్వదు. కానీ మండువా లోగిలి పొలాలున్న ఆసామి ఇల్లు. వంద గజాల స్థలంలో అది పట్టదు. చుట్టింట్లో గాలీ వెలుతురూ తక్కువ. తాటాకు వేసవిలో ఒక్క నిప్పురవ్వతో వీధివీధంతా పోయేది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తాక తీరంలో పేదవాడు కాంక్రీటు స్లాబ్ కోసం ఎదురుచూశాడంటే అది ఫ్యాషన్ కోసం కాదు. తుఫానుకు నిలిచే కప్పు ఎండకు నిలిచేలా కూడా ఎలా చేయాలన్నదే అసలు ప్రశ్న, తాటాకుకు తిరిగి వెళ్లడం జవాబు కాదు.

ఆ ప్రశ్నకు కేరళలో ఒక జీవితకాలం పనిచేసి చూపించినవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశాడు. 1970ల్లో అక్కడి సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ ప్రాంగణాన్ని ఇటుకల జాలీలతో కట్టాడు. జాలీలో ఒక్కో కన్నం చిన్నదే. గాలి వస్తుంది, ఎండ రాదు, చూపులు రావు, దొంగ దూరలేడు, తలుపూ గాజూ ఖర్చుండదు. ఇటుకలను పక్కకు నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ గోడతో నాలుగో వంతు దాకా ఇటుకలు మిగులుతాయి, ఆ ఖాళీ వేడిని కూడా కొంత ఆపుతుంది. స్లాబ్ అడుగు భాగంలో కాంక్రీటు బరువే తప్ప పెద్దగా పని చేయదు కాబట్టి అక్కడ పాత మంగుళూరు పెంకులు నింపి పోసేవాడు. తక్కువ సిమెంటు, తక్కువ ఇటుక అంటే బట్టీల్లో, ఫ్యాక్టరీల్లో కాలే బొగ్గు కూడా తక్కువే. అయితే జాలీకి దోమల సంగతి తెలియదు, ఏసీ పెట్టాల్సిన గదికి జాలీ కుదరదు. బేకర్ ఇళ్లను మెచ్చుకునేవాళ్లు ఎక్కువై, కట్టించుకునేవాళ్లు తక్కువ కావడానికి ఇవీ కారణాలే.

ఏసీ దగ్గరికి వద్దాం. అది చల్లదనం కోసం పుట్టలేదు. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఓ ముద్రణాలయానికి వేసవి తేమకు కాగితం ఉబ్బి, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేవి కావు. ఆ తేమ తగ్గించడానికి విల్లిస్ కారియర్ అనే కుర్ర ఇంజినీరు గీసిన యంత్రమే నేటి ఏసీకి తాత. తీరంలో ఏసీ అసలు పని ఇప్పటికీ అదే. పన్నెండు, పది అడుగుల పడకగదిలో విశాఖ మధ్యాహ్నపు గాలి నిండి ఉంటే అందులో ఆవిరిగా తేలుతున్న నీరు లీటరుకు దగ్గర. 25 డిగ్రీలకు, 50 శాతం తేమకు తేవాలంటే అందులో సగానికి పైగా పిండి బయట పారబోయాలి. ఈలోగా తలుపు సందుల్లోంచి కొత్త ఆవిరి వస్తూనే ఉంటుంది, నిద్రపోయేవాళ్ల ఊపిరీ చెమటా దానికి తోడు. ప్రతి లీటరు పిండటానికీ దాదాపు 0.7 యూనిట్లకు సమానమైన వేడిని లాగాలి. వెనక పైపు లోంచి బకెట్‌లో రాత్రంతా పడే నీళ్లు ఈ పని తాలూకు లెక్క.

అందుకే పెద్ద ఏసీ మంచిదన్న దుకాణం మాట తీరంలో బెడిసికొడుతుంది. చిన్న గదికి టన్నున్నర యంత్రం పెడితే అది పది నిమిషాల్లో అడిగిన వేడికి చేరుకుని కంప్రెసర్ ఆపేస్తుంది. నీరు పిండాలంటే తీగచుట్ట చల్లగా ఎక్కువసేపు ఉండాలి, ఆ సమయమే దొరకదు. కంప్రెసర్ ఆగినా లోపలి ఫ్యాను తిరుగుతుంటే చుట్ట మీద నిలిచిన తడి మళ్లీ గదిలోకే ఆవిరవుతుంది. గది చల్లగానే ఉంటుంది, దిండు మాత్రం చెమ్మగా తగులుతుంది. అప్పుడు మనిషి రిమోట్ తీసి 24ని 20 చేస్తాడు. అదే రిమోట్ మీద నీటిచుక్క బొమ్మ ఉన్న డ్రై మోడ్ నొక్కి, ఫ్యాను వేసుకుని 27లో ఉంచి చూడటం చాలామందికి తట్టదు. బిగించిన గదిలో గోడ చల్లబడి, తలుపు తీసినప్పుడల్లా బయటి తేమ దాని మీద కూర్చుంటే అల్మరా వెనక బూజు పడుతుంది. పిల్లల దగ్గులకు ఇంటి బూజు, చెమ్మ కూడా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ప్రత్యేకంగా మార్గదర్శకాలే వెలువరించింది.

యంత్రాన్నీ గాలినీ కలిపి నడపడం ఎలాగో చూడాలంటే సింగపూర్ వెళ్లాలి. భూమధ్య రేఖకు ఒక్క డిగ్రీ పైన, ఏడాది పొడుగునా ఉక్కపోత ఉండే ఊరది. స్వతంత్ర సింగపూర్ తొలి ప్రధాని లీ క్వాన్ యూ తన దేశం ఎదుగుదలలో ఏసీకి పెద్ద పీట వేశాడు. ప్రభుత్వ ఉద్యోగులు పనిచేసే భవనాలకు ఏసీలు పెట్టించడం తాను మొదట చేసిన పనుల్లో ఒకటని చెప్పుకున్నాడు. అదే ఊళ్లో 2019 జనవరిలో జాతీయ విశ్వవిద్యాలయం ఎస్‌డీఈ4 అనే ఆరంతస్తుల భవనాన్ని తెరిచింది. ఏడాదికి తాను వాడే కరెంటంతా తన కప్పు మీది సౌర ఫలకాలతోనే తయారుచేసుకోవాలన్నది షరతు. ఫలకాలు 1,200 దాటాయి గానీ, మామూలు ఏసీ భవనానికి అవి చాలవు. వాడకమే తగ్గాలి.

చేసిందేమిటంటే, గొడుగులా గోడలు దాటి బయటికి చాచిన కప్పు కింద, ఎండ తగిలే వైపులకు ఇంకో పొర కట్టి, గదుల మధ్య వరండాలూ మెట్లూ తెరిచి వదిలేశారు. నడవలకు ఏసీ లేదు. తరగతి గదుల్లోకి తేమ తీసి కొంత చల్లబరచిన బయటి గాలిని పంపిస్తారు, అదీ మామూలు ఏసీ భవనంలో ఉండేంత చల్లగా కాదు. మిగతా పని పైన తిరిగే సీలింగ్ ఫ్యాన్లది. గాలి 27, 28 డిగ్రీలున్నా చెమట ఆరిపోతుంది కాబట్టి విద్యార్థికి ఇబ్బంది ఉండదు. ఒకసారి వాడిన గాలిని మళ్లీ తిప్పి పంపరు గనుక గదిలో తాజాదనం అదనంగా వచ్చిన లాభం. ఇందులో కొత్త యంత్రం ఏదీ లేదు. ఏసీకి తేమ పని, ఫ్యానుకు చల్లదనం పని అప్పగించి ఇద్దరికీ పని పంచడమే కొత్త.

ఆ ఊళ్లోనే ఓ బడి ఆవరణలో చలువ గోడల మండపం ఒకటి కట్టారు. పలకల వెనక చల్లటి నీళ్లు తిరుగుతాయి, ముందు పరారుణ కిరణాలను మాత్రం పోనిచ్చే పలచటి పొర ఉంటుంది. ఒంటి వేడి పలకల వైపు పోతుంది, తడి గాలి చల్లటి పలకను తాకదు కాబట్టి నీళ్లు కారవు. తెరిచి ఉన్న ఆ చోట, గాలి 30 డిగ్రీల దగ్గర ఉన్నా, లోపల నిలబడ్డ వాళ్లలో ఎక్కువమంది హాయిగా ఉందన్నారు. గది గాలిని చల్లబరచకుండా కప్పునూ నేలనూ చల్లబరిచే ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. హైదరాబాద్ పోచారంలో ఇన్ఫోసిస్ తన భవనాన్ని రెండు సమాన భాగాలుగా చీల్చి, ఒక సగానికి మామూలు ఏసీ, రెండో సగానికి స్లాబ్‌లో పైపులేసి చల్లటి నీళ్లు తిప్పే పద్ధతి పెట్టింది. పక్కపక్కనే కొలిచి చూస్తే నీళ్ల సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది. తీరంలో ఇదే చేయాలంటే ముందు గదిలోని తేమ తీయాలి. విశాఖ గాలిలో 28, 29 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ తలం మీదైనా నీటిబొట్లు పడతాయి.

పోచారం, సింగపూర్ భవనాలకు డబ్బూ ఇంజినీర్లూ ఉన్నారు. మామూలు ఫ్లాటు కొనేవాడికి ఆ పాటి అవకాశం లేదు. అతను చూసుకోగలిగింది కిటికీలు. ఎకో నివాస్ సంహిత ఈ విషయంలో తీరానికి గట్టి లెక్కే పెట్టింది. వెచ్చని తేమ వాతావరణంలో ఇంటి కార్పెట్ ఏరియాలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, బయటి గాలిలోకి తెరుచుకునే ఖాళీ ఉండాలి. పొడి ఎండల ప్రాంతానికి 10 శాతం చాలు. తెరుచుకునే అన్న మాట దగ్గరే మన ఇళ్లు పరీక్ష తప్పుతాయి. నాలుగడుగుల చదరపు కిటికీకి పదహారు చదరపు అడుగుల కన్నం ఉంటుంది. దానికి రెండు రెక్కల స్లైడింగ్ అద్దాలు బిగిస్తే ఒక రెక్క ఎప్పుడూ ఇంకోదాని వెనకే ఉండాలి, తెరుచుకునేది ఎనిమిది. అదే కన్నానికి మడత బందుల మీద బయటికి తెరుచుకునే పాతకాలపు రెక్కలు బిగిస్తే పద్నాలుగు దాటుతుంది. 900 చదరపు అడుగుల ఫ్లాటుకు బాల్కనీ తలుపులూ వెంటిలేటర్లూ కలుపుకుని 150 చదరపు అడుగులు కావాలి. స్లైడింగ్ కిటికీలతోనే అది రావాలంటే అలాంటివి పంతొమ్మిది ఉండాలి.

మూడు పడకగదుల ఫ్లాటు బ్రోచర్ మీద ఇప్పుడు లిఫ్టు కంపెనీ పేరూ, ఈత కొలను పొడుగూ రాస్తున్నారు. తెరుచుకునే ఖాళీ ఎన్ని అడుగులో రాసిన బ్రోచర్ అరుదు. కొనేవాళ్లు అడిగితే రాస్తారు. అడగాల్సినవి ఇంకో మూడు ఉన్నాయి: పై అంతస్తు స్లాబ్ మీద ఏం పరిచారు, పడమటి కిటికీకి బయట నీడ ఏది, ఏ పడకగది కిటికీ డక్టులోకి తెరుచుకుంటుంది.